ఎందుకు పోతున్నారని అడిగితే

తిరుమలకో పెళ్లికో బస్సు మాట్లాడుకుంటే ఎవరూ ఏమీ అడగరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల స్త్రీలు నలభైమంది కూడి, ఒక రాత్రి నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రం ఒడ్డున గడిపి వద్దామనుకుంటే మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. వెంట మగవాళ్లెవరు? ఇళ్లలో ఒప్పుకున్నారా? అక్కడేం పని?

పనేమీ లేదు. మొక్కో, కాన్పో, కూలో చూపిస్తే తప్ప స్త్రీ గడప దాటకూడదని ఎక్కడా రాసి లేదు. దేశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కు 1950 నుంచి రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. అందులో పగలు, రాత్రి అనే తేడా లేదు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ ఖర్చు తప్పింది. మంచిదే. కానీ ఆ బస్సు దాని వేళకు, దాని దారిన పోతుంది. అద్దె బస్సు మనం ఆపమన్న చోట ఆగుతుంది, పాటలు కూడా మనవే! ఖర్చే బరువు. కూలికి పోయే చెల్లెలి వాటా తక్కినవాళ్లు సర్దుకోకపోతే అది ఉన్నవాళ్ల విహారమే అవుతుంది.

ఫ్యాక్షన్ రోజులు చూసిన ఈ సీమలో రాత్రంటే భయం ఉత్తదేమీ కాదు. అయితే దానికి జవాబు కాపలాకు వచ్చే బావగారు కాదు. పర్మిట్, బీమా ఉన్న బండి, తాగని డ్రైవరు, దారిలో శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్న చోట్లు ముందే చూసుకోవాలి. చీకట్లో నీళ్లలోకి దిగకూడదు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పోయే పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రాన్ని మనలో ఎంతమందిమి చూశాం? తుఫానులొచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు వదిలి తేదీ చూసుకోండి.