విజ్ఞాన వీచిక: ఏసీ చెంతనే ఉక్క

సూరత్ శివారున ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న ప్రారంభమైన వజ్రాల వ్యాపార భవనాన్ని మన కుటుంబాలలో పలువురు చూచియే ఉంటారు. తొమ్మిది ఎత్తైన కట్టడాలు, వాటిని కలుపుతూ వెన్నెముక వంటి పొడవైన నడవ. మార్ఫోజెనిసిస్ సంస్థ వాస్తుశిల్పులు ఆ నడవను కొసల వద్ద వెడల్పుగా తీర్చారు. వీచే గాలి అక్కడ ప్రవేశించి, ఇరుకైన చోట వేగం పుంజుకొని, నడిచేవారికి హాయి కూర్చాలని వారి ఉద్దేశం. వేగం పెరిగిన చోట గాలి పీడనం తగ్గుతుంది. ఇరుకుదారులలో ప్రవాహాల నడకపై ఇటలీకి చెందిన వెంచురీ 1797లోనే గ్రంథం వెలువరించారు.

అక్కడ మేలు చేసిన ఈ సూత్రమే మా కంప్యూటరు గదిలో మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది.

ఆ గదిలో అసలు గచ్చుకు పైన పలకలతో మరొక నేల ఉంటుంది. ఏసీ యంత్రాలు చల్లగాలిని ఆ రెండింటి నడుమకు ఊదుతాయి. సర్వర్ల బీరువాల ముందున్న చిల్లుల పలకల గుండా అది పైకి వస్తుంది. ఒక వేసవిలో, ఏసీకి అతి సమీపాన ఉన్న బీరువాలోని సర్వరే పదే పదే వేడెక్కి ఆగిపోసాగింది. జీతాల పట్టీ తయారయ్యే రోజులు! దీపం కింద చీకటి ఉంటుందని విన్నాము గాని, ఏసీ చెంత ఉక్క ఉంటుందని ఎరుగము. చల్లదనం చాలడం లేదని తలచి డిగ్రీలు తగ్గించాము. మరొక యంత్రం కొనుగోలుకు ఫైలు కూడా కదిపాము.

మా విభాగపు యువ ఇంజనీరు ఒకరు పలుచని కాగితపు ముక్కలతో ఆ గదిలోకి వచ్చారు. దూరపు పలకపై ఉంచిన కాగితం ఎగిరింది. ఏసీ పక్క పలకపై ఉంచినది అతుక్కుపోయింది. అనగా అక్కడ చల్లగాలి పైకి రాకపోగా, గదిలోని గాలే లోనికి పోతున్నది! ఏసీ నుండి వెలువడిన గాలి నేల కింద అడ్డంగా దూసుకుపోతుంది. ఆ వేగం వలన అక్కడ పీడనం తక్కువ. దూరం పోయి నెమ్మదించిన పిమ్మటనే పీడనం పెరిగి, పలకల గుండా పైకి తన్నుతుంది.

ఏ పలకలో ఎంత గాలి వచ్చునో చేతిలెక్కకు తెమలదు. గదిని వేలాది చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోని వేగం, పీడనం, వేడిమి పక్క గడులతో పొసగే వరకు కంప్యూటరు మళ్లీ మళ్లీ లెక్కిస్తుంది. ఇందుకు పేరొందిన పద్ధతి ‘సింపుల్’. (పేరు మాత్రమే సుమా!) 1972లో స్పాల్డింగ్‌తో కలిసి దానిని ప్రకటించిన సుహాస్ పతంకర్ పుణె, బొంబాయిలలో చదువుకున్నవారే. డేటా కేంద్రాలలో గాలి నడకపై 2010లో సమగ్ర వ్యాసం వ్రాసినదీ ఆయనే.

మా ఇంజనీరు మూడు అమరికలను కంప్యూటరు నమూనాలో పరీక్షించారు. అందులో తేలినట్లే ఏసీ చెంతనున్న చిల్లుల పలకలు తీసి మూత పలకలు వేయించాము. బీరువాను రెండు వరుసల ఆవలకు జరిపించాము. సర్వర్లు పీల్చే గాలి 18 నుండి 27 డిగ్రీల నడుమ ఉండవలెనని ఆష్రే సంఘం సిఫారసు. కొలిచి చూడగా 24 వచ్చింది. తగ్గించిన డిగ్రీలను తిరిగి పెంచి, కొనుగోలు ఫైలును వెనక్కు తెప్పించుకున్నాము. దానిపై అప్పటికే రెండు సంతకాలు పడి ఉన్నాయి.