బందరు రేవు, గోల్కొండ ఖజానా

అగ్రరాజ్యాల ప్రస్తావన రాగానే మనలో చాలామందిమి క్షిపణులను, యుద్ధవిమానాలను లెక్కించడం మొదలుపెడతాం. జుమా నమాజు తర్వాత మస్జిదు మెట్ల మీద సాగే చర్చల్లోనూ ఇదే ధోరణి. మన పూర్వ రాజ్యాలు సైనిక బలహీనత వల్లనే కూలాయని తీర్మానించి లేచిపోతాం. గూడూరు నుంచి బందరు వరకు ఉన్న మన నేల చరిత్ర ఇంత సులువైన తీర్మానానికి ఒప్పుకోదు.

క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న ‘కొద్దూర’ మన గూడూరేనని చరిత్రకారులు భావిస్తారు. ఈ తీరపు నూలు వస్త్రం ఆనాటికే రోము సామ్రాజ్య వర్తకులకు పరిచితం. కుతుబ్ షాహీల కాలానికి మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవయింది. ఇక్కడి అద్దకపు బట్టలు ఇరాన్‌కు, ఎర్రసముద్రపు ముఖద్వారంలోని మోఖాకు, ఆగ్నేయాసియా దీవులకు తరలిపోయేవి. కలంకారీ అన్న మాటే పారసీకం నుంచి వచ్చింది. 1611లో ఇక్కడ కోఠీ తెరిచిన ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీవారు అనుమతి కోసం చేతులు కట్టుకుని నిలబడిన వర్తకులు. 1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ప్రసాదించిన ‘సువర్ణ ఫర్మానా’ మేరకు ఏటా 500 వరహాలు చెల్లించి వ్యాపారం సాగించారు.

సంపద గోల్కొండదే. అయితే ఆ సంపదను సముద్రం మీద కాపాడే నౌకాబలాన్ని సుల్తానులు నిర్మించలేదు. మన ఓడలు పోర్చుగీసుల అనుమతి పత్రంతో, ఆపై డచ్చివారి పత్రంతో ప్రయాణించవలసి వచ్చిన సందర్భాలున్నాయి. సొంత సరుకుకు పరాయివారి చీటీ!

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. అసలు పాఠం అటుపిమ్మట ఉంది. నిజాం సలాబత్ జంగ్ తన గద్దెను ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం అండతో నిలుపుకున్నాడు. ఆ సైన్యపు జీతాలు చెల్లించడానికి 1753లో ఉత్తర సర్కారుల శిస్తును ఫ్రెంచివారికి అప్పగించాడు. అద్దెకు తెచ్చుకున్న సైన్యానికి మాన్యంగా మన పొలాల పంటే పోయిందన్నమాట. శిస్తు చేజారితే సొంత సైన్యాన్ని పోషించే స్తోమత పోతుంది. ఆ స్తోమత పోయిన పాలకుడు మరింతగా అద్దె సైన్యం మీద ఆధారపడతాడు. ఈ సుడిగుండంలో పడిన దర్బారు ఏదీ సులువుగా తేరుకోలేదు.

ప్లాసీ తర్వాత బెంగాలులో కంపెనీ పరిస్థితి ఇందుకు విరుద్ధం. శిస్తూ, సైన్యమూ ఒకే చేతిలోకి చేరాయి. అక్కడి నుంచి క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు 1759 ఏప్రిల్‌లో బందరు కోటను ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నాడు. ముట్టడి మధ్యలో ధనం కరవై అతని సొంత తెల్ల సైనికులే ఎదురుతిరిగారు. అయినా కోట పడింది. బందీలైనవారి సంఖ్య ముట్టడించినవారి సంఖ్యను మించింది. పెద్ద సేనతో సమీపంలోనే ఉన్న సలాబత్ జంగ్ మరుసటి నెలలోనే సంధి చేసుకుని బందరు ప్రాంతాన్ని కంపెనీకి ధారపోశాడు. ఫోర్డు దళంలో అధికులు ఈ దేశపు సిపాయిలే. శౌర్యానికి కొరత ఎవరిదీ కాదు.

ఆయుధం ఒక్కటే రాజ్యాన్ని నిలపదనడానికి సోవియట్ యూనియన్ చాలు. వేలాది అణ్వస్త్రాలుండగానే 1991లో విచ్ఛిన్నమైంది.

ఈ చరిత్రను మనం సుల్తానుల కీర్తికోసం చదువుకుంటూ ఉంటే ప్రయోజనం స్వల్పం. కొలువు, రుణం, నైపుణ్యం ఎవరి చేతిలో ఉన్నాయన్నదే నేటి ప్రశ్న. ముస్లిములు ఎక్కువగా స్వయం ఉపాధి మీద బతుకుతున్నారనీ, బ్యాంకు రుణం వారికి తక్కువగా అందుతోందనీ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. 2023 మేలో మచిలీపట్నం పోర్టు పనులు మొదలయ్యాయి. బీసీ-ఇ కింద మనకు దక్కే 4 శాతం రిజర్వేషను ప్రభుత్వ కొలువులకు, విద్యకు సంబంధించినది. క్రేన్ నడిపే పని, వెల్డింగు, సరుకు పత్రాల గుమాస్తాగిరీ గుత్తేదారులు ఇచ్చేవి. వాటికి ఆ రక్షణ లేదు. కనుక గూడూరు, పెడన, బందరు యువతకు, మతంతో నిమిత్తం లేకుండా, ఈ పనుల్లో శిక్షణ ఇప్పించి స్థానికులకు వాటా రాతపూర్వకంగా ఖాయం చేయాలని ప్రభుత్వాన్ని మనం ఇప్పుడే అడగాలి. మస్జిదు కమిటీలు పదో తరగతి దాటిన మన ఆడపిల్లల, మగపిల్లల జాబితాను రంజాను లోపే తయారుచేసి, ఆ అర్జీకి జతపరచాలి.