ఉమ్మడి తోటకూ డ్యూటీ చార్టు ఉండాలి

ఆసుపత్రి, కాలేజీ క్వార్టర్స్‌లో ఖాళీ స్థలం ఉంటే నలుగురూ కలిసి తోటకూర, పాలకూర, బెండ వేసుకోవడం ఎంతో మంచిది. అయితే అందరి తోట ఎవరికీ పట్టని తోట కాకూడదని మా మనవి.

మన పిల్లలు చాలామంది చదువుకు వెళ్ళే అమెరికాలో, మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, ఈగిల్ హైట్స్ అనే కుటుంబ నివాసాల దగ్గర 1962 నుండి ఇలాంటి తోట ఉంది. చదువు ముగిసినవారు వెళ్ళిపోతారు, కొత్తవారు వస్తారు. అయినా తోట నిలిచింది. ఎవరి మడి వారిదే గాని, ఉమ్మడి పనికి కూడా తోటవారు కొన్ని గంటలు ఇవ్వాలి.

పని పంచితే తగవులు వస్తాయని కొందరి భయం. పంచి రాసిపెట్టకపోతేనే తగవులు వస్తాయని మేము అంటాము. వార్డులో డ్యూటీ చార్టు లేకపోతే రోగికి మందు ఎవరు ఇస్తారు? తోటకూ అంతే.

చార్టులో మొదటి పని నీళ్ళ డ్రమ్ము. డెంగీ దోమ గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు డ్రమ్ము లోపలి గోడలకు అంటుకొని ఉంటాయి. కనుక వారానికొకసారి ఖాళీ చేసి, రుద్ది కడిగి, ఆరబెట్టి, మూత పెట్టాలి. రెండవది, పక్క మడివారికి చెప్పకుండా పురుగుమందు కొట్టరాదు. ఆ ఆకు వారి పిల్లలు కూడా తింటారు. మూడవది, ఊరు వెళ్ళేవారు తమ వంతు మరొకరికి అప్పగించాలి.

దోమకు ఎవరి మడి అన్న తేడా లేదు. ఈ వారమే చార్టు రాసి కుళాయి దగ్గర అంటించండి.