చట్టం మారకముందే పిస్తోలు కొనాలా?



మన సంఘ కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికాలోనూ కెనడాలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కొందరికి గ్రీన్‌కార్డు వచ్చింది, కొందరు అక్కడి పౌరులయ్యారు. అక్కడ కాల్పులు జరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఇక్కడ తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. అక్కడున్న పిల్లలకు మరో ఆలోచన వస్తుంది. "ఇంట్లో ఒక పిస్తోలు ఉంటే ధైర్యం. రేపు ప్రభుత్వం నిషేధిస్తే కొందామన్నా దొరకదు. ఇప్పుడే కొనేస్తే మంచిది" అంటారు. ఈ విషయంలో నర్సులుగా మా అభిప్రాయం చెప్పాలనుకుంటున్నాము. తుపాకి పేల్చడం మాకు తెలియదు. కానీ ప్రాణం తీసే వస్తువు ఇంట్లో ఉంటే ఏం జరుగుతుందో మాకు బాగా తెలుసు.

వారి భయం ఉత్తిది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో మన తెలుగు ఇంజనీరు ఒకరిని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. అలాంటి వార్త విన్నాక ఇంటిని కాపాడుకోవాలనుకోవడం సహజం. దాన్ని మేము తప్పు పట్టము. అయితే భయంతోపాటు తొందర కూడా కలిస్తే నిర్ణయం చెడిపోతుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఇంట్లో ఆత్మరక్షణకు పిస్తోలు ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని అమెరికా సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. కాబట్టి అక్కడ పిస్తోళ్లన్నిటినీ ఒక్కసారిగా నిషేధించడం తేలిక కాదు. రాష్ట్రాలు మాత్రం కొన్ని రకాలపై ఆంక్షలు పెడుతున్నాయి. ఒక తరహా పిస్తోళ్ల అమ్మకాన్ని దుకాణాల్లో 2026 జులై 1 నుంచి ఆపాలని కాలిఫోర్నియా 2025 అక్టోబరులో చట్టం చేసింది. కెనడా ఇంకా ముందుకు వెళ్లింది. 2022 మే నెలలో ప్రకటించి, ఆ అక్టోబరు 21 నుంచి పిస్తోళ్ల కొనుగోలు, అమ్మకం, బదిలీలను దేశమంతటా నిలిపివేసింది. మధ్యలో ఉన్న ఆ నెలల్లో జనం దుకాణాలకు ఎగబడ్డారు. అలా కొన్నవారు ఈరోజు వద్దనుకున్నా దాన్ని మామూలుగా మరొకరికి అమ్మలేరు, పిల్లల పేరున మార్చలేరు. నిషేధానికి ముందు తొందరపడి కొన్న వస్తువు ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ సంగతి చాలామంది ఆలోచించరు.

తొందరపాటుకు మూల్యం ఎంతో తెలిపే ఉదాహరణ ఒకటి ఉంది. 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ పాఠశాలలో ఒకడు 20 మంది చిన్నారులను, ఆరుగురు పెద్దలను కాల్చి చంపాడు. కొత్త ఆంక్షలు వస్తాయన్న భయంతో తరువాతి ఐదు నెలల్లో మామూలు కన్నా దాదాపు 30 లక్షల తుపాకులు ఎక్కువగా అమ్ముడుపోయాయని పరిశోధకులు అంచనా వేశారు. ఆ కాలంలోనే పొరపాటున తుపాకి పేలి మరణించినవారు మామూలు కన్నా సుమారు 60 మంది పెరిగారు. వారిలో దాదాపు 20 మంది పిల్లలు. ఈ లెక్కలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

దొంగ వస్తాడని కొన్న తుపాకి ఎక్కువగా ఎవరిమీద పేలుతుంది? అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో 26,328 మంది, అంటే సగానికి పైగా, తమను తామే కాల్చుకున్నవారు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందికి పైగా పెద్దలను 12 ఏళ్లు గమనించిన పరిశోధన 2020లో వెలువడింది. పిస్తోలు ఉన్న మగవారు తమను కాల్చుకుని చనిపోయే అవకాశం, లేనివారికన్నా సుమారు 8 రెట్లు ఎక్కువ. ఆడవారిలో 35 రెట్లు. కొన్న కొత్తలోనే ఆ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. అక్కడే జరిగిన మరో పరిశోధనలో, పిస్తోలు ఉన్నవారితో కలిసి జీవించేవారు భర్త లేదా భార్య వంటి సొంత మనిషి చేతిలో కాల్పులకు గురై చనిపోవడం 7 రెట్లు ఎక్కువని తేలింది. అలా బలైనవారిలో ఎక్కువమంది స్త్రీలే.

"మా ఇంట్లో అలాంటివారు ఎవరూ లేరు" అంటారు. పురుగుమందు తాగి వచ్చినవారి బంధువులు కూడా మాతో ఇదే మాట అంటారు. పరీక్ష తప్పిన పిల్లవాడు, అప్పులవాళ్లు ఇంటిముందు నిలబడిన రైతు, భార్యాభర్తల గొడవ... ఆ ఒక్క గంటలో చేతికి అందింది తాగేస్తారు. బతికి బయటపడ్డాక "ఎందుకు తాగానో నాకే తెలియదు సిస్టర్" అని ఏడ్చేవారు ఎందరో. చావాలన్న తలంపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏది దొరుకుతుందన్నదే ముఖ్యం. మాత్రలు మింగినవారిలో అత్యధికులను ఆసుపత్రులు కాపాడగలవు. తుపాకితో కాల్చుకున్న 10 మందిలో సుమారు 9 మంది మళ్లీ కళ్లు తెరవరు.

శ్రీలంకను చూడండి. 1995లో అక్కడ లక్షమందికి 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, పారాక్వాట్ వంటి ఘాటైన మందులను ఆ ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించింది. తరువాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. మనుషుల కష్టాలు తీరిపోయాయని కాదు, ప్రాణం తీసే డబ్బా చేతికి అందలేదు, అంతే.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. రేపు దొరకదేమో అన్నది కొనడానికి కారణం కాదు. నిషేధం తేదీ ఎప్పటిలోగా కొనాలో చెబుతుందే తప్ప, మీ ఇంటికి అది అవసరమా కాదా చెప్పదు. దానికి ఇంట్లోని మనుషులను చూడాలి. చిన్నపిల్లలు, ఎదిగే పిల్లలు ఉన్నారా? దిగులుతో, నిద్రలేమితో, తాగుడుతో బాధపడేవారు ఉన్నారా? ఉద్యోగం పోయిందా? మాటా మాటా పెరిగి చెయ్యి లేచే ఇల్లా? వీటిలో ఒక్కదానికి అవునన్నా పిస్తోలు వద్దు. ఏదీ లేకపోయినా, ఈ పరిస్థితులు ఎప్పుడైనా రావచ్చు, పిస్తోలు మాత్రం బీరువాలోనే ఉంటుంది. తలుపులకు గట్టి తాళాలు, కెమెరా, అలారం, ఇరుగుపొరుగుతో మంచి పరిచయం ఎవరి ప్రాణమూ తీయవు.

విద్యార్థి వీసా, హెచ్‌-1బి వీసాలపై ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర ఉంచుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. జైలుతోపాటు దేశం విడిచి వెళ్లవలసి రావచ్చు. మిత్రుడి తుపాకి దాచిపెట్టడానికి కూడా ఒప్పుకోవద్దు.

ఇప్పటికే కొన్నవారు గుండ్లు తీసేసి తుపాకికి తాళం వేయండి. గుండ్లను వేరేచోట తాళం వేసి ఉంచండి. తాళంచెవి పిల్లలకు తెలియకూడదు. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేనప్పుడు, అక్కడి చట్టం ప్రకారం దాన్ని ఇంటినుంచి బయటికి పంపండి. బాధ భరించలేనిదైతే అమెరికా, కెనడాలలో 988కి, మన దేశంలో టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పిస్తోలు కొన్నావా అని మాత్రమే అడగకండి. నిద్ర పడుతోందా, దేనికి భయపడుతున్నావు అని కూడా అడగండి. మన ఊళ్లో ఉన్న పాఠకులు పురుగుమందు డబ్బా ఇంట్లో ఎక్కడుందో ఈ రోజే చూసి, తాళం వేయండి.