మైక్రోగ్రాముల పరాధీనత

2024 జులై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి ఒక్కసారిగా 150 శాతానికి పెరిగింది. ల్యాబ్ రసాయనాల పేరు చెప్పి ఆల్కహాల్ తెప్పించుకుంటున్నవారిని కట్టడి చేయడానికే ఇలా చేశారని వార్తలొచ్చాయి. దెబ్బ మాత్రం పరిశోధకులకు తగిలింది. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక, సొంత వాడకానికి తెప్పించుకునేవారికి పాత సుంకమే వర్తిస్తుందని ఆగస్టు 1న ప్రభుత్వం సర్దిచెప్పింది. పది రోజుల్లోపే గొడవ సద్దుమణిగింది, అందరూ మరచిపోయారు. మరచిపోదగ్గ విషయం కాదది. ఢిల్లీలో ఒక్క అంకె మారితే జీవశాస్త్ర పరిశోధన ఆగిపోతుందేమోనన్న భయం ఎందుకు పుట్టింది? మన ప్రయోగశాలల్లో రోజూ కరిగిపోయే సరుకులో ఎంత భాగం బయటి నుంచి వస్తోందో ఆ పది రోజులు చూపించాయి.

ఈ పరాధీనత ఎంత లోతుగా ఉందో తెలియాలంటే మూలకణ పరిశోధనను చూడాలి. మూలకణం గుండె కణం కాగలదు, నాడీకణం కాగలదు, ఏమీ కాకుండా మూలకణంగానే ఉండిపోనూగలదు. ఏది కావాలో శరీరంలోనైతే చుట్టుపక్కల కణాలు ప్రోటీన్ల రూపంలో చెబుతూ ఉంటాయి. శరీరం బయట, ఇంక్యుబేటర్‌లోని ప్లాస్టిక్ ప్లేట్‌లో, ఆ సంకేతాలు అందించాల్సింది మనమే. వాటినే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటున్నాం. సరైన మోతాదు సరైన వేళకు అందకపోతే కణాలు దారి తప్పుతాయి. నెలల తరబడి పెంచిన ప్లేట్లు ఒక్క వారాంతంలో పనికిరాకుండా పోతాయి.

ఈ ప్రోటీన్ల కథ పాతదే. నాడీకణాలను పెంచే ప్రోటీన్‌ను రీటా లెవీ మోంటాల్చినీ, చర్మకణాలను పెంచే ఈజీఎఫ్‌ను స్టాన్లీ కోహెన్ గుర్తించారు. ఎలుక లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఇస్తే వాటి కళ్లు చాలా ముందుగా తెరుచుకున్నాయి. ఆ చిన్న పరిశీలనే కోహెన్‌ను ఈజీఎఫ్ దాకా తీసుకెళ్లింది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఎలుక పిండ మూలకణాలను 1981లో ప్రయోగశాలలో పెంచగలిగారు. వాటిని మూలకణాలుగా నిలిపి ఉంచేది లిఫ్ అనే ప్రోటీన్ అని 1988లో తేలింది. మానవ కణాల దగ్గరికొచ్చేసరికి ఆ సూత్రం పనిచేయలేదు. వాటికి లిఫ్ చాలదు, ఎఫ్‌జీఎఫ్2 అనే మరో ప్రోటీన్ కావాలి.

1998లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను తొలిసారి వేరుచేసి పెంచినప్పుడు, వాటి కింద ఎలుక కణాల పొర పరిచారు, దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం పోశారు. చూడి ఆవులను కోసే కబేళాల నుంచి వచ్చే ఆ సీరంలో ఏ ప్రోటీన్ ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ఒక బ్యాచ్ మరో బ్యాచ్‌లా ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు 2005లో బయటపడింది. మనిషి శరీరం తయారు చేయని, జంతువుల్లో మాత్రమే ఉండే ఒక చక్కెర అణువు ఇలా పెంచిన మానవ కణాల మీదికి చేరుతోందని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చూపించారు. ఆ అణువుకు ఎదురు తిరిగే యాంటీబాడీలు మన రక్తంలో ముందే ఉంటాయి. రేపు రోగికి ఎక్కించాలనుకునే కణాన్ని రోగి శరీరమే శత్రువుగా గుర్తుపట్టే ప్రమాదం ఉందన్నమాట. కణానికి ఏం పోసి పెంచామన్నది చికిత్స దాకా వెంటాడుతుందని అప్పటి నుంచి ఎవరూ కాదనలేకపోయారు.

సీరం లేకుండా, ప్రతి పదార్థమూ పేరుతో, మోతాదుతో తెలిసే మీడియం, అంటే కణాలను పెంచే ద్రావణం కోసం వెతుకులాట అలా ఊపందుకుంది. 2011లో థామ్సన్ ప్రయోగశాలే ఈ8 అనే మీడియాన్ని ప్రకటించింది. అందులో ఉండేవి ఎనిమిదే: మూల ద్రావణం, వంటసోడా, విటమిన్ సి, సెలీనియం, ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, ఎఫ్‌జీఎఫ్2, టీజీఎఫ్ బీటా. జపాన్‌లో యమనాక చర్మకణాలను వెనక్కి నడిపించి తయారు చేసిన ఐపీఎస్ కణాలకూ ఇదే సరిపోతుంది. మూల ద్రావణంలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసే పనిని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ కణాలు పెంచే ప్రతి ల్యాబ్ ఆయనకు ఎంతో కొంత రుణపడి ఉంది.

ఈ8 సూత్రం రహస్యమేమీ కాదు, అచ్చయి అందరి ముందూ ఉంది. అయినా మన ల్యాబ్‌లు దాన్ని సీసాల్లో ఎక్కువగా విదేశీ కంపెనీల నుంచే కొంటున్నాయి. అందులోని ఎఫ్‌జీఎఫ్2 అసలు ఎంత కావాలో లెక్క వేసి చూద్దాం. లీటరు మీడియంలో ఎఫ్‌జీఎఫ్2 వంద మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతు. ఆరు గుంటల ప్లేట్లు పది పెంచే చిన్న ల్యాబ్‌కు రోజుకు సుమారు 120 మిల్లీలీటర్ల మీడియం కావాలి. నెలంతా కలిపితే ఎఫ్‌జీఎఫ్2 అర మిల్లీగ్రాము కూడా అవదు. కంటికి ఆనని ఆ పొడి పది, యాభై మైక్రోగ్రాముల బుడ్డీల్లో చల్లని పెట్టెల్లో విమానమెక్కి వస్తుంది. కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగి, పెట్టెలోని ఐసు కరిగిందంటే, ఆ ప్రోటీన్‌లో ప్రాణం ఉందో లేదో ప్రయోగం చెడిపోయాక గానీ తెలియదు.

మరి ఆ అర మిల్లీగ్రామును తయారు చేయడం అంత కష్టమా? ఎఫ్‌జీఎఫ్2 చిన్న ప్రోటీన్, 154 అమైనో ఆమ్లాలు. దాని మీద చక్కెర గొలుసులు తగిలించాల్సిన పని లేదు కాబట్టి ఈ కోలై బ్యాక్టీరియాలోనే తయారవుతుంది. హెపారిన్‌కు గట్టిగా అతుక్కునే గుణం ఉన్నందున శుద్ధి చేయడమూ సులువు. ఒక్క లీటరు బ్యాక్టీరియా కల్చర్ నుంచి మిల్లీగ్రాముల లెక్కన వస్తుంది. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ విద్యార్థికి నేర్పదగ్గ పని ఇది.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది. మామూలు ఎఫ్‌జీఎఫ్2 37 డిగ్రీల వేడిలో గంటల్లోనే బలహీనపడుతుంది. అందుకే నారుమడికి నీరు పెట్టినట్టు రోజూ మీడియం మార్చాలి, ఆదివారమూ పండగా లేకుండా. చెక్ దేశంలోని బ్రనో పరిశోధకులు ఆ ప్రోటీన్‌లో కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, అదే వేడిలో రోజుల తరబడి నిలిచే రూపం తయారు చేశారు. దాన్ని వాడుకుని 2020లో షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో బరిడ్జ్ బృందం బీ8 అనే మీడియాన్ని రూపొందించింది. గ్రోత్ ఫ్యాక్టర్లను తమ ల్యాబ్‌లోనే చేసుకున్నారు. బ్యాక్టీరియాలో చేయడం కష్టమైన టీజీఎఫ్ బీటా1 స్థానంలో బీటా3 పెట్టారు. ఖర్చు నామమాత్రమని, శని ఆదివారాలు ల్యాబ్‌కు రానవసరం లేదని పరిశోధన పత్రం శీర్షికలోనే చెప్పారు. ఆ ప్రోటీన్ల తయారీకి వాడే ప్లాస్మిడ్లనే డీఎన్ఏ వలయాలను అందరికీ అందుబాటులో పెట్టారు. డబ్బుకు కొదవలేని అమెరికా ల్యాబే సొంతంగా చేసుకోవడం మేలనుకుంటే, ప్రాజెక్టు నిధుల కోసం నెలలు ఎదురుచూసే మన ల్యాబులు మాత్రం కేటలాగ్ తిరగేస్తూ ఉండాలా?

మనకు చేతకాకనా అంటే, కాదు. జన్యు సాంకేతికతతో ప్రోటీన్లు తయారు చేయడంలో హైదరాబాద్‌ది పాతికేళ్లు దాటిన అనుభవం. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్ బీ తెచ్చి హెపటైటిస్ బీ టీకాను సామాన్యుడి అందుబాటులోకి తెచ్చింది. మధుమేహ రోగుల కాలి పుండ్లకు భారత్ బయోటెక్ తయారు చేసే రీజెన్ డి జెల్‌లో ఉన్నది ఈజీఎఫే, కోహెన్ కనుగొన్న ఆ ప్రోటీనే. ఎముక మజ్జ మార్పిడికి ముందు రక్త మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పించే జీసీఎస్‌ఎఫ్‌ను డాక్టర్ రెడ్డీస్ చాలాకాలంగా అమ్ముతోంది. ఒక గ్రోత్ ఫ్యాక్టర్‌ను మందుగా తయారు చేసే ఊరు, పక్క వీధిలోని పరిశోధకుడికి అవసరమైన మరో గ్రోత్ ఫ్యాక్టర్‌ను సముద్రాల అవతలి నుంచి తెప్పించుకుంటోంది.

కంపెనీలను తప్పుపట్టి లాభం లేదు. మందుకైతే లక్షల డోసుల గిరాకీ ఉంటుంది. రీఏజెంట్లు వందల రకాలు, ఒక్కోటీ చిటికెడు, కొనేవారు కొద్దిమంది. ఆ వ్యాపారం గిట్టదు. ఇక సర్కారీ కొనుగోలు నిబంధనలు తక్కువ ధరకు పట్టం కడతాయి గానీ ప్రోటీన్ పనిచేస్తుందా అని అడగవు. 2025 జూన్‌లో కేంద్రం వైజ్ఞానిక సంస్థలకు సర్కారీ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనే వెసులుబాటు ఇచ్చింది, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. మంచి పనే. దానితో కొనడం సులువవుతుంది, తయారు చేయడం సులువవదు.

ఏం పోసి పెంచాలన్న ఎంపిక రోగి దాకా ఎలా వెళుతుందో మన కళ్లముందే ఒక ఉదాహరణ ఉంది. సున్నమో యాసిడో కంట్లో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోయి చూపు మసకబారుతుంది. రెండో కన్ను అంచు నుంచి పిసరంత కణజాలం తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించవచ్చని 1997లో ఇటలీ వైద్యులు చూపించారు. వారు వాడింది ఎలుక కణాల పొర, దూడ సీరం. ఆ పద్ధతే హోలోక్లార్ పేరుతో 2015లో యూరప్ అనుమతి పొందింది, పెంపకానికి ప్రత్యేక కర్మాగారం కావాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వేరే దారి పట్టింది. ఎలుక కణాలకు బదులు ప్రసవం తర్వాత లభించే ఉమ్మపొరను పరిచారు. దూడ సీరానికి బదులు రోగి రక్తం నుంచే తీసిన సీరం వాడారు. 200 మంది మీద చేసిన చికిత్సల ఫలితాలు 2011లో ప్రచురించారు, 71 శాతం విజయవంతం.

అక్కడితో ఆగలేదు. 2012లో వీరేందర్ సాంగ్వాన్ బృందం స్లెట్ పద్ధతిని ప్రకటించింది. అసలు ప్రయోగశాలే అక్కర్లేదు. తీసిన కణజాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఉమ్మపొర మీద పేర్చి, నేరుగా కంటి మీదే అతికిస్తారు. కణాలు అక్కడే పెరుగుతాయి. 125 మంది ఫలితాలు 2016లో వచ్చాయి. విజయం 76 శాతం, ల్యాబ్‌లో పెంచిన దానికి ఏమాత్రం తీసిపోలేదు. దుబారా అనుకున్న ప్రతి మెట్టునూ తీసేసి చూసే ఈ ధైర్యం నాకు టీకాల తయారీ కంటే గొప్పదిగా కనిపిస్తుంది. కోవిడ్ సమయంలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ చేసిందీ ఇలాంటిదే. ద్రావణం లేని పొడి స్వాబ్‌తో, ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే కిట్ అవసరం లేకుండా పరీక్ష చేసే పద్ధతికి 2020లో ఐసీఎంఆర్ ఆమోదం వచ్చింది.

సొంతంగా చేసుకున్న రీఏజెంట్ మీద అనుభవజ్ఞులు లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది, అది బలమైనదే. ఈ కోలైలో చేసిన ప్రోటీన్‌తో పాటు ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం వస్తుంది, అది కణాల ప్రవర్తనను మార్చేస్తుంది. బరువు సరిపోయినంత మాత్రాన ప్రోటీన్ పనిచేస్తున్నట్టు కాదు. మూడేళ్ల పీహెచ్‌డీ శ్రమను ఒక చెడ్డ బ్యాచ్ ముంచేస్తే, మిగిల్చిన రూపాయలు ఎవరికి కావాలి? అందుకే ప్రతి ల్యాబూ తనకు తాను చేసుకోవాలని నేను చెప్పడం లేదు. అన్నీ చేసుకోవాలనీ చెప్పడం లేదు. కణాలు అతుక్కోవడానికి వాడే లామినిన్ లాంటి భారీ ప్రోటీన్లను కొనుక్కోవడమే తెలివైన పని. ఎఫ్‌జీఎఫ్2, ఈజీఎఫ్, లిఫ్ లాంటి చిన్నవాటిని ఒక ఉమ్మడి కేంద్రం తయారు చేయాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ కంపెనీలు ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. వెల్లూరు, బెంగళూరులలో మూలకణ పరిశోధన కేంద్రాలున్నాయి. ఒకచోట తయారైంది మిగిలిన చోట్ల పరీక్షకు నిలవాలి.

అడ్డొచ్చేది డబ్బు కంటే గుర్తింపు. మంచి ప్రోటీన్ తయారు చేసి పదిమందికి పంచిన శాస్త్రవేత్తకు పరిశోధన పత్రం రాదు, పదోన్నతి రాదు. ఆ పనికి శాశ్వత ఉద్యోగం, అందులో ఎదుగుదల ఉండాలి. కాంట్రాక్టు ప్రాజెక్టు అసిస్టెంట్ చేతిలో పెడితే అతను వెళ్లిన రోజే పద్ధతీ వెళ్లిపోతుంది.

ఒక జాగ్రత్త కూడా అవసరం. పరిశోధన కోసం చేసిన సీసా పరిశోధనకే. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు నిరూపణ కాని మూలకణ చికిత్సలను అమ్మవద్దని స్పష్టంగా చెప్పినా, ఆ మాట వినని క్లినిక్కులు ఉన్నాయి. చవకగా దొరికే గ్రోత్ ఫ్యాక్టర్ అలాంటి చోటికి చేరకుండా ప్రతి బుడ్డీకి లెక్క ఉండాలి.

మొదటి అడుగు వేడికి నిలిచే ఎఫ్‌జీఎఫ్2తో వేయవచ్చు. ఒకే బ్యాచ్‌ను మూడు ఊళ్ల ల్యాబులకు పంపి, దిగుమతి సీసా పక్కన పెట్టి, అవే ఐపీఎస్ కణాలను ఇరవై తరాల పాటు పెంచి చూడాలి. క్రోమోజోములు చెక్కుచెదరకుండా ఉన్నాయా, ఎండోటాక్సిన్ ఎంత ఉంది, ఫ్రీజర్‌లో ఎన్ని నెలలు నిలిచింది, ఏ బ్యాచ్ విఫలమైంది, ఇవన్నీ బ్యాచ్ నంబరుతో సహా ఎవరైనా చూసేలా పెట్టాలి. విఫలమైన బ్యాచ్ వివరం దాచకుండా ఉంటేనే రెండో బ్యాచ్‌ను నమ్మి ఒక పీహెచ్‌డీ విద్యార్థి తన ప్లేట్లలో పోసుకుంటుంది.