ఆయుధము లేని విగ్రహము

గ్రీసు దేశమున ఏథెన్సు నగరమందలి జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఒక కంచు విగ్రహము కలదు. ఎత్తు రెండు మీటర్లకు మించినది. క్రీ.పూ. 5వ శతాబ్దమునకు చెందిన యీ విగ్రహమును 1926, 1928 సంవత్సరములలో ఆర్టెమిషన్ అగ్రము చెంత సముద్రగర్భమునుండి వెలికి తీసిరి. ఎడమచేయి ముందునకు చాచి, కుడిచేత దేనినో విసరబోవు భంగిమ. ఆ చేతిలోని ఆయుధము మాత్రము లేదు. అది పిడుగైనచో విగ్రహము జ్యూసుది. త్రిశూలమైనచో సముద్రాధిపతియగు పొసైడనుది. జ్యూసు అనువారే యధికులైనను వివాదము పూర్తిగా సమసిపోలేదు. ఆయుధమునుబట్టి దేవతను నిర్ణయించుట భారతీయ ప్రతిమాలక్షణమునందును తొలిపాఠమే.

ఈ పాఠము తిరుపతి ప్రాంతమున ఎచ్చట జరుగుచున్నది? చేరువనున్న చంద్రగిరి కోటలోని రాజమహలునందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారి ప్రదర్శనశాల కలదు. గండికోట, యాగంటి, గుడిమల్లము మున్నగు తావుల శిల్పములు అందున్నవి. సామాన్యముగా ప్రదర్శనశాలలలో శిల్పము క్రింది పలక దేవత పేరు, శిల, శతాబ్దము అను మూడు మాటలతో ముగియును. ఏ చేత నేమున్నది, అది కిరీటమా జటామకుటమా అను విషయము చూచువానికి తెలియదు. ఇది అధికారుల లోపమని తలచుట సులభము. కాని ఆ పలకను పూరింపదగినవారు ప్రాచ్య కళాశాలలలోనే కలరు. అమరకోశము కంఠస్థమైన విద్యార్థి కుఠారము, స్వధితి, పరశ్వధము అని గొడ్డలికి పర్యాయపదములు తడుముకొనక చెప్పును. రాతిలో ఆ గొడ్డలిని చూపుమన్న దిక్కులు చూచును. లోపము వానిది కాదు, ఎన్నడును ఎవ్వరును చూపలేదు.

గ్రంథము తెలిసిన మాత్రాన శిల్పము తెలియుననుకొనుటయు పొరపాటే. గుడిమల్లము పరశురామేశ్వరాలయమందలి లింగమును చూడుడు. సుమారు అయిదడుగుల లింగముపై ద్విభుజుడైన శివుడు స్థానకరూపమున కలడు. కుడిచేత పొట్టేలు, ఎడమచేత చిన్న పాత్ర, ఎడమభుజముపై పరశువు, పాదముల క్రింద కుబ్జరూపము. యజ్ఞోపవీతము లేదు. కాలనిర్ణయమున భేదములున్నను క్రీస్తుపూర్వ శతాబ్దములదని పెక్కుమంది విద్వాంసుల మతము. ఉత్తరకాలపు ఆగమవచనములను కొలబద్దగా పట్టి దీనిని లక్షణహీనమనువాడు పండితుడైనను పొరబడినట్లే. లభించుచున్న ఆగమములకంటె ఆ శిలయే పూర్వపుది. శిల్పమునకు శాస్త్రము సాక్షి యైనట్లే శాస్త్రచరిత్రకు శిల్పమును సాక్షియే.

టి.ఏ. గోపీనాథరావు ఈ మర్మము నెరిగినవాడు. 1914-16 నడుమ వెలువడిన తన విగ్రహశాస్త్ర గ్రంథమున ఆగమ, శిల్పగ్రంథముల లక్షణశ్లోకములను, ప్రతిమల చిత్రములను ఒకచోట చేర్చెను. గుడిమల్లము లింగమును విద్వల్లోకమునకు ఎరుకపరచినదియు ఆయనయే. శతాబ్దము గడచినను ఆ పద్ధతి ప్రాచ్య కళాశాలల తరగతిగదికి రాకుండుట చింతనీయము.

చేయవలసినది కష్టతరము కాదు. సంస్కృతాంధ్ర విద్యార్థులను లక్షణగ్రంథము చేతనిచ్చి రాజమహలునకు పంపవలెను. ఒక్కొక్కడు ఒక్కొక్క ప్రతిమను చూచి, చేతులు, ఆయుధములు, ఆసనము, ఆభరణములు తెలుగున వ్రాయవలెను. గ్రంథమునకును శిలకును పొసగనిచోట ఆ భేదమును దాచక వ్రాయవలెను. చేయి విరిగిపోయినచోట ఊహతో పూరింపరాదు. కాలనిర్ణయమును పురావస్తుజ్ఞులు సరిచూతురు. పాఠ్యప్రణాళికలో తావు లేదను ఆక్షేపము రావచ్చును. అలంకారశాస్త్రమునకు కేటాయించిన దినములలో నాలుగింటిని ఇటు మరల్చినచో ఉపమకు గాని ఉత్ప్రేక్షకు గాని కొరత రాదు.