మాట చౌకైంది... మరి భరోసా?

మీ ఇంట్లో వైఫై డబ్బాని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశారా? దుమ్ము దులిపేటప్పుడు చూసే ఉంటారు. ఇంటర్నెట్ వైర్లు గుచ్చే రంధ్రాల పక్కన కాస్త చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. చాలా డబ్బాల మీద దాని దగ్గర ఫోను బొమ్మో, ‘టెల్’ అనో, ‘ఫోన్’ అనో రాసి ఉంటుంది. అటక మీద పడేసిన పాత బటన్ల ఫోను తెచ్చి దానికి గుచ్చి, ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లను అడిగి నంబరు పని చేయించుకుంటే చాలు. ఫైబర్ ఇంటర్నెట్ ప్లాన్లలో చాలావాటికి దేశంలో ఎక్కడికైనా మాట్లాడుకునే సదుపాయం కలిసే వస్తుంది. విడిగా కాల్ చార్జీ ఉండదు. నెలనెలా డబ్బు కడుతూ కూడా ఈ సంగతి తెలియని ఇళ్లు గుంటూరులో మా వీధిలోనే ఆరేడున్నాయి.

ఈ ఆదా గురించి నేను కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడూ చెబుతాను. కాకపోతే పక్కన ఇంకో మాట చేర్చి చెబుతున్నాను. ఆ మాట ఎందుకు చేర్చాల్సి వచ్చిందో మీతో పంచుకుందామనే ఇది రాస్తున్నాను.

ఫోను ఖర్చంటే ఏమిటో మా తరం ఆడపిల్లలకు చిన్నప్పుడే తెలుసు. 1990ల్లో మేం విజయవాడలో ఉండేవాళ్లం, మా పెద్దమ్మ హైదరాబాద్‌లో. ఆవిడతో మాట్లాడాలంటే అమ్మ రాత్రి భోజనాలయ్యాక నన్ను వెంటబెట్టుకుని సందు చివర ఎస్టీడీ బూత్‌కి వెళ్లేది. పొద్దుపోయేకొద్దీ చార్జీ తగ్గేది కనక అందరూ ఆ వేళకే వచ్చేవారు. అద్దాల గదిలో మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే అమ్మ మాటలూ పరుగెత్తేవి. “సరే అక్కా ఉంటా, ఉంటా” అని పెట్టేశాక, “అయ్యో, అసలు సంగతి అడగనే లేదే” అని దారిపొడవునా నొచ్చుకునేది.

తర్వాత ఇంటికే ఫోను వచ్చింది. బూత్ పోయింది గానీ మీటరు పోలేదు. బిల్లు వచ్చిన రోజున మగవాళ్ల పనుల ఫోన్లు ఎవరూ లెక్కపెట్టరు. “మీ పుట్టింటికి ఎన్ని?” అన్నదొక్కటే ప్రశ్న! 2006 మార్చిలో రూపాయికే దేశంలో ఎక్కడికైనా మాట్లాడే ‘వన్ ఇండియా’ ప్లాను వచ్చాక గానీ ఆ ప్రశ్న కాస్త మెత్తబడలేదు.

అమెరికా వెళ్లిన పిల్లలది ఇంకో బాధ. అక్కడినుంచి ఇండియాకి మాట్లాడాలంటే కాలింగ్ కార్డులు గీకి నంబర్లు కొట్టాలి. ఆ ఖర్చును తగ్గించినవి ఇంటర్నెట్ ఫోను డబ్బాలే. వోనేజ్ అనే కంపెనీ 2001లో పుట్టింది. 2007లో మ్యాజిక్‌జాక్, ఊమా వచ్చాయి. ఇంట్లో ఉన్న ఇంటర్నెట్‌కి ఒక చిన్న డబ్బా తగిలించి, దానికి మామూలు ఫోను గుచ్చుకోవడమే. లక్షల అమెరికన్ ఇళ్లలో టెలిఫోన్ బిల్లులు వాటివల్ల తగ్గాయి. 2011లో న్యూజెర్సీ నుంచి మా అన్నయ్య అలాంటి డబ్బా ఒకటి తెచ్చి అమ్మ ఇంట్లో పెట్టాడు. బ్రాడ్‌బ్యాండ్ కూడా తనే పెట్టించాడు. విజయవాడలో మోగే ఆ ఫోనుకి అమెరికా నంబరు! వాడికది లోకల్ కాలు. ఆదివారం పూట గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ‘ఇంకా చెప్పు’ అనే మాట మా అమ్మ నోట ఫోనులో వినడం నాకదే మొదలు.

తర్వాత వాట్సాప్ వచ్చింది. 2015లో మాట, 2016 నవంబరులో బొమ్మతో సహా మాట మొదలయ్యాక అమెరికా డబ్బా మూలపడింది, బ్రాడ్‌బ్యాండూ తీయించేశాం. ఒకప్పుడు అందరూ వాడిన స్కైప్ కూడా 2025 మే నెలలో మూతపడింది. కానీ డబ్బా వెనక ఉన్న కిటుకు మాత్రం ఇప్పుడు మన ఫైబర్ కనెక్షన్లలో ఉంది.

ఆ కిటుకు పెద్ద కష్టమేం కాదు. మన గొంతును డబ్బా అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల్ని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి, ఫొటోలూ సినిమాలూ వెళ్లే దారిలోనే పంపిస్తుంది. అవతలి డబ్బా ఆ పొట్లాలు విప్పి మళ్లీ గొంతుగా మారుస్తుంది. మాట కోసం ప్రత్యేకంగా దారి వేయనక్కర్లేదు కనక ఖర్చు తక్కువ. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచే ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి ఉంది గానీ, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కీ, విదేశీ ఫోన్లకీ మాత్రమే. మన ఊళ్లలోని మామూలు ఫోన్లతో కలపనివ్వలేదు. ఆ అడ్డు 2018లో తొలగింది. అంతకు కొద్దినెలల ముందు, 2017 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే అంటూ మొదలైంది. ఒకే తీగ మీద మూడు సౌకర్యాలనే మాట మన చిన్న ఊళ్ల ఇల్లాళ్లు చాలామంది మొదట విన్నది అప్పుడే.

సరే, అసలు మిగిలేదెంత? పచారీ చీటీ వేసినట్టు వేసి చూద్దాం.

మా ఇంట్లో పిల్లల చదువు కోసం ఫైబర్ ముందే ఉంది. ప్లాను 399 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 470 రూపాయల 82 పైసలు. అది కాక పాత ల్యాండ్‌లైన్‌కి నెలకు 300 దాకా అయ్యేది. ఫోను డబ్బాకి మార్చి ల్యాండ్‌లైన్ తీయించేశాం. ఏడాదికి 3,600 మిగిలాయి. ఇది నికరమైన ఆదా.

ఆ ఊపులోనే 2022లో అమ్మకీ పెట్టించాను. అమ్మకప్పుడు ల్యాండ్‌లైన్ 300, సెల్‌ఫోను రీచార్జి 250, వెరసి 550. ఫైబర్ పెట్టాక 471, సెల్‌కి చిన్న ప్యాకు 160, వెరసి 631. అంటే ఏడాదికి సుమారు 970 రూపాయలు ఎక్కువే! మనవల్ని పెద్ద తెరమీద చూసుకుంటోంది కనక దండగ అనను. కానీ “ఖర్చు తగ్గుతుందమ్మా” అని నేను చెప్పిన మాట నిజం కాదు. ఇంట్లో ఇంటర్నెట్ ముందే ఉంటే ఫోను డబ్బా ఆదా. ఫోను కోసమని ఇంటర్నెట్ పెట్టించుకుంటే ఆదా కాదు, బిల్లు పేరు మారుతుందంతే.

డబ్బు లెక్క అంతటితో సరి. రెండో లెక్క 2024 సెప్టెంబరు 1న తెలిసింది.

ఆ ఆదివారం బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లోకి నీళ్లొచ్చాయి. అమ్మ ఉండేది అక్కడే, ఒక్కతే. పొద్దున్న ఎనిమిదింటికి నాతో మాట్లాడింది. “వీధిలోకి నీళ్లొస్తున్నాయే” అంది. మళ్లీ పది నిమిషాలకి చేస్తే ఫోను మోగలేదు. కరెంటు పోయింది, దాంతోపాటే డబ్బా ఆగిపోయింది. సెల్‌కి చేస్తే స్విచాఫ్. “ల్యాండ్‌లైన్ ఉందిగా” అన్న ధీమాతో అమ్మ సెల్‌ని చార్జింగ్ పెట్టడమే మర్చిపోయేది. టీవీలో పడవలు, మెడలోతు నీళ్లు. మావారు అటు బయల్దేరి దారి లేక వెనక్కి వచ్చారు. ముప్పై గంటలు! ఆ ముప్పై గంటలూ నేను ఒకటే అనుకున్నాను: నెలకు 300 రూపాయల ఫోను తీయించింది నేనే కదా అని.

సోమవారం మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోను. పడవలో అన్నం పొట్లాలు తెచ్చిన కుర్రాడి సెల్ అది. “అమ్మాయీ, నేను బానే ఉన్నా. పక్కవాళ్ల డాబా మీదున్నాం. నీ డబ్బా ఫోను కరెంటుతోపాటే పోయిందే” అంది అమ్మ. నా నంబరు ఆవిడకి కంఠతా వచ్చు కనక సరిపోయింది. రాకపోయుంటే?

పాత ల్యాండ్‌లైన్ రాగి తీగల మీద నడిచేది. ఆ తీగల్లోనే ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు వచ్చేది. అందుకే ఇల్లంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబర్ అంటే గాజు పోగు. అందులో వెలుగు వెళ్తుంది గానీ కరెంటు వెళ్లదు. డబ్బాకి మన ఇంటి కరెంటే దిక్కు. మనింట్లో కరెంటున్నా, దారిలో ఆపరేటర్ గదిలో పోతే అంతే సంగతులు. ఆ వరదలో రాగి తీగ ఫోను మాత్రం నిలిచేదా అంటే నేను చెప్పలేను, వీధి పెట్టెల్లోకి నీళ్లెళితే అదీ పోతుంది. కానీ వరద ఎప్పుడో వస్తుంది, కరెంటు కోత నెలకోసారైనా వస్తుంది. ఆ కోతలోనే ఇంట్లో పెద్దావిడ కాలు జారి పడితే?

అమెరికాలో ఈ ప్రశ్న 2005లోనే వచ్చింది. ఇంటర్నెట్ ఫోను నుంచి వాళ్ల అత్యవసర నంబరు 911 కలవక ప్రమాదాలు జరిగాయి. అప్పుడు అక్కడి సమాచార కమిషన్ ఎఫ్‌సీసీ గట్టిగా చెప్పింది: 911 కలిసేలా చేయాలి, ఏ పరిస్థితుల్లో కలవదో ఖాతాదారుకి ముందే చెప్పాలి, ఫోనుకి అంటించుకోవడానికి హెచ్చరిక స్టిక్కర్లు కూడా ఇవ్వాలి అని. మా ఇంట్లో డబ్బా బిగించిన రోజున పాస్‌వర్డ్ చెప్పారు, బిల్లు తేదీ చెప్పారు. కరెంటు పోతే ఫోను పోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక్క స్టిక్కరుకి ఎంత ఖర్చు? ఆ మాట చెప్పించే బాధ్యత మన టెలికాం శాఖ తీసుకోవాలి. అందాకా అడగవలసింది మనమే.

అయితే డబ్బా ఫోను వద్దంటానా? అననే అనను. మిగిలినదాంట్లో కొంత భద్రతకి ఖర్చు పెట్టమంటాను. డబ్బా పక్కన పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు బజార్లో దొరుకుతున్నాయి. నేను కొన్నది 1,500 లోపే, మూడు గంటల పైనే నడుస్తోంది. కొనేముందు డబ్బా అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసుకుని వెళ్లండి. ఇంట్లో ఒక బటన్ల సెల్‌ఫోను ఉంచండి, దానికి చార్జి రోజుల తరబడి ఆగుతుంది. పెద్దవాళ్ల సెల్‌కి నెట్ అక్కర్లేదనుకుంటే మాటలకి మాత్రమే పనికొచ్చే ప్యాకు అడగండి. అలాంటివి విడిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. షాపువాళ్లు తమంతట తాము చెప్పకపోవచ్చు, మనమే నోరు తెరవాలి. 112, 108తో పాటు ఇంటివాళ్ల నంబర్లు రెండు పెద్ద అక్షరాలతో గోడకి అంటించండి. అన్నీ సెల్‌లోనే ఉన్నాయిలే అనుకుంటే, సెల్ ఆగిపోయిన రోజున మన పిల్లల నంబరే మనకి తెలియదు.

ఇంకో సంగతి. ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉంది? ఖాతా నంబరేది? బాగుచేసేవాళ్ల ఫోను నంబరేది? “మావారికి తెలుసండీ” అన్నది మా వీధిలో నేను ఎక్కువసార్లు విన్న జవాబు. ఆయన క్యాంపుకెళ్లిన రోజునే డబ్బాలో ఎర్ర దీపం వెలుగుతుంది మరి! ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మనం, ఆ నంబర్లు మన దగ్గరుండాలి.

నీళ్లు తీసి ఇల్లు కడిగాక అమ్మకి కొత్త డబ్బా, దాంతోపాటు యూపీఎస్ పెట్టించాను. ఇప్పుడు ప్రతినెలా ఒకటో తారీకున అమ్మ ఇంట్లో మెయిన్ ఆపేసి నాకు ఫోను చేస్తుంది.

“కరెంటు తీసేశానే. వినబడుతోందా?”

“వినబడుతోందమ్మా.”

“అయితే సరే. ఉంటా, ఉంటా.”

“మీటరు లేదమ్మా ఇప్పుడు. కాసేపు మాట్లాడు” అంటాను నేను.